నూట యాభై ఐదు వోల్టుల దగ్గర

పద్మినికి కూర్చోవడం చేతకాదు. ఇరవై తొమ్మిదేళ్ళు నెత్తిమీదికొచ్చినా చేతకాలేదు. పళ్ళెంలో అన్నం పెట్టుకుంటే మొదటి ముద్ద వంటింట్లో, రెండోది కిటికీ దగ్గర, మూడోది మెట్ల మీద. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడే వెళుతుంది. చిన్నప్పుడు బడిలో పంతులమ్మ ఆమెను రిబ్బనుతో బెంచీకి కట్టేసిందనీ, బెంచీని ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చిందనీ యాంగోన్‌లోని పజుండౌంగ్ పేటలో ఒక కథ చెప్పుకుంటారు. రెండో సగం అబద్ధమే. కానీ ఆమెను ఎరిగిన వాళ్ళు ఒక్కరూ దాన్ని అబద్ధమని కొట్టెయ్యరు.

అలాంటి మనిషిని దేవుడు రోజుకు నాలుగు గంటలు ఒక ముక్కాలి పీట మీద కూలేశాడు.

ఎందుకంటే ఆమె నాయనమ్మ ఖిన్ ఖిన్‌కు పోయిన వానాకాలంలో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ముక్కుకు సన్నటి గొట్టం, గొట్టానికి అవతలి కొసన గదిలో గాలినే వడకట్టి ఆక్సిజన్ ఇచ్చే మిషను. ఆ మిషనుకు రెండొందల ఇరవై వోల్టులు కావాలి. కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది గాని మరీ తగ్గితే కుయ్యోమని అరిచి ఆగిపోతుంది. కరెంటు లేని వేళల్లో వీధి వాళ్ళంతా కలిసి నడుపుకునే జనరేటరు ఉంది, దాని వోల్టు ఇటు పుల్ల అటు కదలదు. చిక్కంతా కరెంటు వచ్చినప్పుడే. వాళ్ళ వీధి వంతు సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా. ఐదు కొట్టగానే జనరేటరు ఆపేస్తారు. ప్రతి ఇంట్లో రైస్ కుక్కరు, నీళ్ళ మోటారు, ఇస్త్రీ పెట్టె ఒక్కసారే పని మొదలెడతాయి. వోల్టు నూట తొంభై నుంచి నూట యాభైలోకి జారిపోతుంది. లోకమంతా కరెంటు పోతే ఏడుస్తుంది. ఆ ఇంట్లో కరెంటు వస్తే గుండె దడ.

దానికి మందు స్టెప్-అప్ పెట్టె, పడిపోయిన వోల్టును పైకెత్తి ఇచ్చేది. యాంగోన్‌లో అది లేని ఇల్లు తక్కువ. ముందు చేత్తో తిప్పే మర ఒకటి ఉంటుంది, పక్కన బయటి నుంచి వచ్చే వోల్టు చూపే మీటరు. బయటి వోల్టు పడిపోతే మర ఒక మెట్టు తిప్పాలి, లేస్తే వెనక్కి తిప్పాలి. మిగతా ఇళ్ళలో దారిన పోతూ ఒకసారి తిప్పి పోతారు. ఖిన్ ఖిన్ గదిలో మాత్రం ఎవరో ఒకరు తొమ్మిది దాకా కళ్ళు మీటరుకు అతికించి కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు పద్మినే. తల్లిదండ్రులిద్దరూ ట్వంటే ఊళ్ళో కాలవ ఒడ్డున కుండల బట్టీ దగ్గర ఉంటారు. ఏడో ఏట చదువుకని వచ్చి నాయనమ్మ దగ్గరే పెరిగిన పిల్ల. రుణమని కాదు, ఆ ముసలిదంటే ఆమెకు ప్రాణం. కానీ ప్రాణమున్నంత మాత్రాన కాళ్ళు ఊరుకుంటాయా? ఆరు నెలలు ఆ పీట మీద కాలు కాలిన పిల్లిలా కూర్చుంది, కూర్చోవడం అని దాన్ని అనగలిగితే.

ఖిన్ ఖిన్ బర్మా మనిషి, బౌద్ధురాలు. రేవులో మూటలు మోసే పోలయ్యను చేసుకుని, అత్తగారి దగ్గర తెలుగు నేర్చింది. ఆ అత్తగారిది శ్రీకాకుళం వైపు. అందువల్ల డెబ్భై నాలుగేళ్ళ ఈ బర్మా ముసలమ్మ నోట్లో తెలుగువాళ్ళకే మరుపొచ్చిన తెలుగు మిగిలింది. మనవరాలు మాత్రం ఆమెను బర్మా మాటలోనే అఫ్వా అంటుంది, అంటే నాయనమ్మ అనే.

"ఒలే గుంటా, నా ఊపిరి సూత్తన్నావా, వాకిలి సూత్తన్నావా?" అని మంచం మీంచి అడిగేది.

"మీటరు చూత్తన్నాను అఫ్వా."

"మీటరు వాకిట్లో ఉందేటి?"

పద్మిని చేసే పని కూడా ఆ పెట్టెలతోనే. అంతకు ముందు చౌక్తడా పేటలో ఒక వకీలు దగ్గర టైపు చేసింది, మానేసింది. ఫోన్ల దుకాణంలో నిలబడింది, మానేసింది. పాటలు వినే యాప్ తయారుచేసే చిన్న కంపెనీలో చేరి ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. అక్కడ ఒళ్ళు కుర్చీలో ఉన్నా బుర్ర పరిగెడుతూ ఉండేది కాబట్టి రెండేళ్ళు నిలిచింది. ఈసారి కంపెనీయే నిలవలేదు. చివరికి మేనమామ లింగరాజు కార్ఖానాకు వచ్చి పడింది. కార్ఖానా అంటే వాగు వైపు సందులో ఒక గది, రాగి తీగ చుట్టే యంత్రం, వార్నిష్ వాసన, గోడకు పేర్చిన స్టెప్-అప్ పెట్టెల ఖాళీ డబ్బాలు. లింగరాజు ఆ తీగ చుడుతూనే యాభై ఆరేళ్ళవాడయ్యాడు. ఆయన తండ్రి కోటిబాబు కూడా అక్కడే చుట్టాడు. తీగ చుట్టిన చుట్టలోంచి మధ్యమధ్య కొసలు బయటికి లాగుతారు. ఒక్కో కొస ఒక్కో మెట్టు, వచ్చే వోల్టుకు తగిన మెట్టుకు కలిపితే అవతల రెండొందల ఇరవై వస్తుంది. కోటిబాబు పెట్టిన వాడుక ప్రకారం మొదటి మెట్టు నూట ఇరవై ఐదు వోల్టుల దగ్గర, అక్కణ్ణించి ఇరవయ్యేసి చొప్పున, చివరిది రెండొందల ఇరవై ఐదు. ఎందుకలా అంటే ఎవరికీ తెలియదు. నాయన అలాగే చుట్టాడు, అంతే.

మర తిప్పే పని ఒక చిప్పుకు అప్పగిస్తే ఈ పీట బాధ తప్పుతుంది కదా అని పద్మినికి తోచింది. తోచిన మర్నాడే మొదలుపెట్టింది. మెట్టుకొక రిలే, అంటే టిక్కుమని ఆ కొసకు కరెంటు కలిపే చిన్న స్విచ్చి. వోల్టు ఎంతుందో చదివి, దానికి దగ్గరగా ఉన్న మెట్టు ఏదో తేల్చి, ఆ రిలేకు చెప్పాలి. ఇంత సులువైన ప్రోగ్రామా అనుకుంది. పాటల కంపెనీలో చప్పుడు పెంచే పట్టీకి ఇదే రాసింది. వేలు ఎక్కడ ఆగినా సున్నా, ఐదు, పది, పదిహేను అని దగ్గరి మెట్టుకు సర్దేది. మెట్టుతో భాగించు, దశాంశాలు దగ్గరి అంకెకు సర్దు, మళ్ళీ మెట్టుతో గుణించు. ఒక్క వరుస.

ఆ ఒక్క వరుసే రాసి నూట అరవై వోల్టులిచ్చి చూస్తే, చిప్పు "నూట అరవై మెట్టు" అంది. అలాంటి మెట్టే పెట్టెలో లేదు. ఉన్నవి నూట నలభై ఐదు, నూట అరవై ఐదు. అరగంట జుట్టు పీక్కుంది. తీగ చుడుతున్న లింగరాజు తల తిప్పకుండానే అన్నాడు.

"మనింటి మెట్లు ఎలగ లెక్కెడతావే? రోడ్డు మీంచా, అరుగు మీంచా?"

"అరుగు మీంచి."

"మరి దీనికి రోడ్డు మీంచి లెక్కెడతన్నావు. మన అరుగు నూటిరవై అయిదు."

అదీ సంగతి. చప్పుడు పట్టీ సున్నా దగ్గర మొదలవుతుంది, దానికి అరుగు లేదు. దీనికి ఉంది. ముందు అరుగు ఎత్తు తీసెయ్యాలి, తర్వాత మెట్లు లెక్కపెట్టాలి, చివర అరుగు మళ్ళీ కలపాలి. కిందా పైనా హద్దు కూడా కట్టింది. వోల్టు నూట ఇరవై ఐదు కన్నా దిగితే మొదటి మెట్టే, రెండొందల ఇరవై ఐదు దాటితే చివరిదే, లేని మెట్టు కోసం గాలిలో కాలు పెట్టకుండా. కార్ఖానాలో పాత మర పెట్టె ఒకటుంది, కోటిబాబు చేతి పని, దాన్నీ మర అనే అంటారు. కొత్త పెట్టె ఏది చేసినా దానికి తగిలించి, ఆ మర తిప్పుతూ వోల్టు తగ్గించీ పెంచీ పరీక్షిస్తారు. ఏ వోల్టు కావాలంటే ఆ వోల్టు ఇస్తుందని ఆ ఇంట్లో దానికి పేరు. పద్మిని కొత్త పెట్టెను దానికి తగిలించి కింది నుంచి పైకి, పై నుంచి కిందికి ఇరవై సార్లు తిప్పింది. ఇరవై సార్లూ రిలేలు బుద్ధిగా ఒక్కొక్కటే టిక్కుమన్నాయి. ఎగిరి గంతేసింది.

గంతేసి ఊరుకుంటే పద్మిని ఎందుకవుతుంది? ఇంట్లో ఉన్న పాత చేతి మర పెట్టెను విప్పి, దాని గుండెకాయలాంటి ఇనుప దిమ్మె తీసి కొత్త పెట్టెలో వాడేసింది. "పాతది ఉండనీ" అని లింగరాజు అంటే, "ఇంకెందుకు మావయ్యా, మళ్ళీ ఆ పీట మీద కూకోడానికా?" అంది. సోమవారం సాయంత్రం నాలుగున్నరకు కొత్త పెట్టెను నాయనమ్మ మంచం పక్కన పెట్టి, ముక్కాలి పీటను తీసుకెళ్ళి మిద్దె మీద పారేసింది.

ఐదుకు కరెంటు వచ్చింది. వోల్టు దిగడం మొదలైంది. టిక్. మళ్ళీ కాసేపటికి టిక్. పద్మిని నడుం మీద చేతులేసుకుని నవ్వుతూ చూసింది. ఐదున్నరకు కుక్కర్లు ఊపందుకున్నాయి. అప్పుడు మొదలైంది. టిక్ టిక్. టిక్. టిక్ టిక్ టిక్. నూట నలభై ఐదు, నూట అరవై ఐదు, నూట నలభై ఐదు, నూట అరవై ఐదు. పెట్టె గోడ మీద పిల్లి అయిపోయింది, ఇటూ దూకుతుంది, అటూ దూకుతుంది, ఎటూ నిలవదు. టిక్కుమన్న ప్రతిసారీ కరెంటు రెప్పపాటు తెగుతుంది, ఆక్సిజన్ మిషను ఉలిక్కిపడుతుంది. ఆరుకు అది కుయ్యోమని అరిచి ఆగిపోయింది. పద్మిని గొట్టం ఊడదీసి, మూల నిలబెట్టి ఉన్న సిలిండరుకు తగిలించింది. ఆపద కోసం దాచుకున్న సిలిండరు అది, ఒక్కటే ఉంది. తొమ్మిది దాకా అలాగే, కాసేపు మిషను, కాసేపు సిలిండరు.

మర్నాడు పొద్దున ఖిన్ ఖిన్ చేతిలో జపమాల ఊపింది. నూట ఎనిమిది పూసలది, నునుపు తేలి మెరుస్తోంది.

"బుద్దుడి పేరు సెప్పుకుందారని తీత్తే, నీ పెట్టి పేరే సెప్పించినావు. టిక్కుకో పూస. నాలుగు సుట్లు తిరిగినాది."

నాలుగు చుట్లంటే నాలుగు వందల ముప్పై రెండు. పద్మినికి నవ్వు రాలేదు. ముసలిది ఆ నాలుగు గంటలూ కళ్ళు మూసుకుని ఏం చేసిందో అప్పుడుగాని తెలియలేదు. ఒక్కో టిక్కుకూ ఊపిరి ఉంటుందా ఊడుతుందా అని లెక్కపెడుతూ పడుకుంది.

ఇక పద్మిని చేతులు ఊరుకుంటాయా? మంగళవారం ప్రోగ్రాం మార్చింది. సెకనుకు ఒకసారి కాదు, పదిసార్లు వోల్టు చదవమంది. టిక్కులు రెట్టింపయ్యాయి. బుధవారం ఇంకోటి మార్చింది. రెండు మెట్లకు సరిగ్గా నడిమధ్యన, నూట యాభై ఐదు దగ్గర, కిందికి సర్దాలా పైకి సర్దాలా అన్నది కదా గొడవ, పైకే సర్దు అని రాసింది. నూట యాభై ఐదు సరే, పైకి పోయింది. తర్వాతి క్షణం వచ్చిన నూట యాభై నాలుగు? అది కిందికే పోయింది. గురువారం ఇంకా తెలివి చూపించింది. ఏ మెట్టూ ఐదు సెకన్ల దాకా మార్చకు అని కట్టడి చేసింది. టిక్కులు తగ్గాయి నిజమే. అంతలో కింది అంతస్తు వాళ్ళ నీళ్ళ మోటారు ఒక్కసారి లాగింది, వోల్టు దబ్బున పడింది, పెట్టె మాత్రం ఐదు దాకా అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఈలోగా మిషను ఆగిపోయింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఇదే.

పెట్టె విప్పిన ప్రతిసారీ నాయనమ్మను సిలిండరుకు మార్చాలి. విప్పడం, మార్చడం, చూడటం, మళ్ళీ విప్పడం. గురువారం సాయంత్రం ఏడింటికి సిలిండరు మీద ముల్లు ఎర్ర గీతకు ఆనుకుని ఉంది. దుకాణానికి ఫోన్ చేస్తే కొత్తది సోమవారం గాని రాదన్నారు. పద్మిని ముల్లు వంక చూస్తూ నిలబడిపోయింది. సోమవారం అది సగానికి పైన ఉంది. ఆ సగాన్ని కరెంటు తినలేదు. జబ్బు తినలేదు. తన చేతులే తినేశాయి. స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది.

బయటికొచ్చేసరికి ఖిన్ ఖిన్ కళ్ళు తెరిచే ఉంది.

"ఏడిసినావా?"

"నేదు."

"కుళాయిలో నీళ్ళు నేవు కదే ఈ యేళ. ఏటి తిప్పినావు మరి?" అని, కాసేపు ఊపిరి కూడదీసుకుని అంది. "నీ మావయ్యని రమ్మను."

లింగరాజు శుక్రవారం నాలుగున్నరకు వచ్చాడు. సైకారు రిక్షా వాడి చేత కార్ఖానాలోని కోటిబాబు పాత మరను మోయించుకొచ్చాడు. పరీక్షకు వాడే ఆ మరకు తీగలు తిరగేసి తగిలిస్తే అదీ స్టెప్-అప్ పెట్టే అవుతుంది. పద్మిని పెట్టెను పక్కకు జరిపాడు. మిద్దె మీంచి ముక్కాలి పీట తెప్పించుకుని, దాని మీద నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"అత్తా, కునుకు తియ్యి. నానున్నాను."

"నువ్వున్నావని తెలుసు రాజూ. ఆ గుంటని కూడా ఉండమను."

ఐదుకు కరెంటు వచ్చింది. లింగరాజు నూట ఎనభై ఐదు దగ్గర మొదలుపెట్టి, తీరిగ్గా ఒక మెట్టు దించాడు. కుక్కర్లు మొదలయ్యాయి. పద్మిని గుమ్మం దగ్గర నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. మీటరు నూట యాభై ఆరుకు వచ్చింది. నూట యాభై మూడు. నూట యాభై ఎనిమిది. నూట యాభై నాలుగు. లింగరాజు చెయ్యి మర మీదే ఉంది, కదల్లేదు.

"మావయ్యా, దిగిపోనాది! నూట యాభై నాలుగు! తిప్పు!"

"తిప్పను."

"కింది మెట్టు దగ్గిర కదా!"

"దగ్గిరే. ఇప్పుడు పై మెట్టు మీద ఉన్నాను. మిసను ఏడుత్తందా?"

మిషను ఏడవడం లేదు. మెత్తగా గుర్రుమంటోంది.

"కింది మెట్టెక్కినా ఏడవదు, పై మెట్టు మీదున్నా ఏడవదు. ఇక్కడ ఏదైనా ఒకటే. అలాటప్పుడు ఉన్నకాడే ఉంటాను. అదెటు పోవాలో అదే తేల్సుకోనీ. నిజంగా దిగిపోయినప్పుడు తిప్పుతాను. ఊరికే కదిపితే తీగ కాలిపోద్ది."

నూట యాభై రెండు అయింది, లింగరాజు చూస్తూ ఊరుకున్నాడు. నూట యాభై అయ్యాక మాత్రం, ఎవరో చెప్పినట్టు, వెంటనే కిందికి తిప్పాడు. ఆ తర్వాత మీటరు నూట యాభై ఏడుకు లేచినా ఆయన చెయ్యి లేవలేదు. పద్మిని ఆ చెయ్యినే చూసింది. దిగేటప్పుడు ఒకచోట తిప్పాడు, ఎక్కేటప్పుడు అక్కడే తిప్పడం లేదు. మధ్యలో జాగా వదిలాడు. ఆ జాగాలో ఎక్కడున్నవాడు అక్కడే. తన ప్రోగ్రాంలో ఆ జాగా లేదు. ఒక గీత ఉంది, కత్తి అంచంత గీత, నూట యాభై ఐదు దగ్గర. దాని మీద ఎవరు నిలబడగలరు?

అప్పుడింకో సంగతి తట్టింది.

"మావయ్యా, మన కార్ఖానాలో ఈ మర తిప్పి పెట్టెలు పరీచ్చ చేత్తాం కదా. ఎప్పుడైనా నూట యాభై అయిదు వచ్చిందా?"

లింగరాజు ఆలోచించాడు. "రాదు. నూట నలభై అయిదు, టక్కున నూట అరవై అయిదు. మద్దిన ఏటీ నేదు."

అంతే మరి. పరీక్ష పెట్టే మరకూ పరీక్షకు కూర్చున్న పెట్టెకూ ఒకే తాత. రెండింటికీ అరుగు నూట ఇరవై ఐదే, మెట్టు ఇరవయ్యే. ఆ మర ఇచ్చేదంతా పెట్టెలో ఉన్న మెట్లకు సరిగ్గా అతికే వోల్టులే. మధ్య వోల్టు ఒక్కటి కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. అరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరికీ అది లోపంగా కనబడలేదు, ఎందుకంటే మర తిప్పేది మనిషి చెయ్యి, మధ్య సంగతి ఆ చెయ్యి చూసుకునేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పద్మిని ఇంట ఇరవై సార్లు గెలిచింది, అదీ ఇంట్లోవాళ్ళే తీర్పరులుగా.

ప్రోగ్రాం మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ఉన్న మెట్టుకు వోల్టు పది దాటి దూరమైతే కదిలేది కాస్తా, పద్నాలుగు దాటితేనే కదులు అని రాసింది. పదికి బదులు పద్నాలుగు, దానికి పక్కన, ఆ లోపలైతే ఉన్నచోటే ఉండు అని ఇంకో చిన్న షరతు, అంతే. కానీ రాయగానే పెట్టెకు ఎక్కించలేదు. శనివారం పొద్దున కార్ఖానాకు వెళ్ళి, ఈసారి పాత మరతో కాకుండా వీధిలో వేడుకలకు దీపాలు కట్టేవాడి దగ్గర అద్దెకు తెచ్చిన పెద్ద డిమ్మరుతో, వోల్టు వెంబడి వోల్టు, నూట నలభై నుంచి నూట డెబ్భై దాకా జరుపుతూ పరీక్షించింది. జరిపి, ఆగి, కాగితం మీద రాసి, మళ్ళీ జరిపింది. మధ్యాహ్నం దాకా స్టూలు మీదే ఉంది. లింగరాజు రెండుసార్లు తొంగి చూసి, ఒంట్లో బాగా లేదేమోనని టీ తెప్పించాడు.

నాలుగున్నరకు ఇద్దరూ ఖిన్ ఖిన్ గదిలో ఉన్నారు. జనరేటరు ఆగేలోగా ఒక్కసారే మార్చాలి. సిలిండరులో మిగిలింది నమ్ముకోదగ్గది కాదు.

"మావయ్యా, నువ్వు మర పక్కనే ఉండు. నాది తప్పితే వెంటనే నీదానికి మార్చెయ్."

"సరే."

"తప్పితే మళ్ళీ విప్పను. ఒట్టు."

ఖిన్ ఖిన్ మంచం మీంచి చెయ్యి చాపింది. "ఇలగ రా. కూకో."

"నిలబడతాను అఫ్వా."

"కూకోమన్నాను."

పద్మిని మంచం అంచున కూర్చుంది. ముసలిది జపమాల తీసి, మొదటి పూస మీద బొటనవేలు పెట్టుకుంది. రెండో చెయ్యి మనవరాలి మోకాలి మీద వేసింది. ఆ మోకాలు అప్పటికే అదురుతోంది.

ఐదు. జనరేటరు ఆగింది, వీధి ఒక్క క్షణం మూగబోయింది, కరెంటు వచ్చింది. మీటరు నూట డెబ్భై ఎనిమిది. పెట్టె నూట ఎనభై ఐదు మెట్టు పట్టుకుంది. కింది అంతస్తులో మోటారు మొదలైంది, ఎదురింట్లో ఎవరో మసాలా రుబ్బుతున్నారు. నూట డెబ్భై నాలుగు, నూట డెబ్భై రెండు. పద్మిని గోళ్ళు అరచేతిలో దిగాయి. నూట డెబ్భై. టిక్.

ఒక పూస జరిగింది.

నూట అరవై. నూట యాభై ఐదు. పద్మినికి లేచి పారిపోవాలనిపించింది. నూట యాభై మూడు, యాభై ఆరు, యాభై రెండు, యాభై ఏడు. పెట్టె పలకలేదు. లింగరాజు మర మీద చెయ్యి వేసి, మీటరును కాదు, మేనకోడలి ముఖాన్ని చూస్తున్నాడు. నూట యాభై. టిక్.

రెండో పూస. ముసలిది ఆ తర్వాతి పూస మీదికి బొటనవేలు తెచ్చి ఆపింది.

ఐదున్నర, ఆరు, ఆరున్నర. మీటరు నూట యాభై రెండుకూ నూట యాభై ఎనిమిదికీ మధ్య ఊగుతూనే ఉంది. ప్రతి ఊపుకూ పద్మిని గుండె ఒకసారి జారి మళ్ళీ ఎక్కుతోంది. పెట్టె మాత్రం కూర్చున్నచోట కూర్చుంది. ఆరున్నరకు లింగరాజు మర మీంచి చెయ్యి తీసి, చొక్కాకు తుడుచుకుని, పీట మీంచి లేచాడు.

"నానెల్తాను. దుకాణం ముయ్యాలి."

"ఇంకా రెండున్నర గంటలుంది మావయ్యా!"

"ఉంటే?" అని ఒక్క మాట అని, కోటిబాబు మరను అక్కడే వదిలి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఏడు దాటింది. పద్మిని ఒక్కసారి ముసలిదాని వంక తిరిగి చూసి కొయ్యబారిపోయింది. కళ్ళు మూసుకుని ఉన్నాయి, నోరు కొంచెం తెరుచుకుంది. మెల్లగా వంగి చెవి దగ్గర పెట్టింది. గొట్టంలో గాలి సన్నగా ఈల వేస్తోంది, దాని వెనక పొడుగాటి, బరువైన, హాయైన గురక. సోమవారం నుంచి సాయంత్రం పూట ఖిన్ ఖిన్ నిద్రపోవడం ఇదే మొదటిసారి. ఆ గురక విని పద్మినికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, రెంటినీ మింగేసింది.

లేవాలని చూసింది. మోకాలి మీద నాయనమ్మ చెయ్యి ఉంది. లేస్తే మెలకువొస్తుంది. కాలు తిమ్మిరెక్కింది, పాదం ఎక్కడుందో తెలియడం లేదు, వీపు మీద చెమట జారుతోంది. కిటికీ బయట ఎవరో ఎవరినో కేకేస్తున్నారు. ఆమె కదల్లేదు. మోకాలు ఎప్పుడు అదరడం ఆగిందో ఆమె గమనించనేలేదు.

తొమ్మిది దాకా అలాగే కూర్చుంది, మళ్ళీ టిక్కు వినబడలేదు. ఖిన్ ఖిన్ బొటనవేలు మూడో పూస మీద ఉన్నది ఉన్నట్టే ఉంది.